కొక్కేనికి మిగిలిన తాళంచెవి

మదనపల్లె

మదనపల్లెలో దిగగానే నన్ను ముందుగా పలకరించింది టమాటా వాసన. పండినవీ, మగ్గినవీ, బండి చక్రాల కింద నలిగినవీ అన్నీ కలిసిన వాసన. మాది బాపట్ల పక్క పల్లెటూరు. ఉప్పుగాలికీ, తడిసిన వరిగడ్డికీ అలవాటు పడిన ముక్కు నాది. పైగా ఇక్కడ చలి. మా వైపు ఫ్యాను లేకుండా నిద్ర పట్టని నెలలో నాకు దూది బొంత ఇచ్చి కప్పుకోమన్నారు. వద్దన్నాను. తెల్లవారేసరికి అది నా మెడదాకా ఉంది.

నేను వెళ్లింది స్త్రీల కూటానికి. మా సంఘంలో స్త్రీల సమాజం పనులు చూస్తాను, ఆదివారాలు పిల్లలకు వాక్యం నేర్పుతాను. చదువు రాకముందే మా నాయనమ్మ పక్కన కూర్చుని లేఖనాలు కంఠస్థం చేసినదాన్ని. ఈ వయసుకూ నా రోజు మొదలయ్యేది వాటితోనే. శాంతిభద్రతల్లో స్త్రీల పాత్ర గురించి మాట్లాడమని మదనపల్లె వాళ్లు అడిగినప్పుడు కొంచెం తటపటాయించాను. శాంతిభద్రతలంటే పోలీసుల మాట కదా, నాకేం తెలుసని? ప్రార్థన చేసుకున్నాక నాకు చాలా ఇష్టమైన వృత్తాంతం ఒకటి గుర్తుకొచ్చింది. మొరటు భర్త నోటి దురుసు వల్ల ఇంటిల్లిపాదీ కత్తికి బలయ్యే గడియలో, ఒక ఇల్లాలు రొట్టెలూ ఎండుద్రాక్షలూ గాడిదల మీద వేసుకుని, కోపంతో వస్తున్న సైన్యానికి ఎదురు వెళ్లిన వృత్తాంతం. దాన్నుంచి మూడు సంగతులు తీశాను. మొదటిది క్షమాపణ, రెండోది శాంతి, మూడోది ఆశీర్వాదం. మా ప్రసంగాలన్నింటికీ మూడు సంగతులే ఉంటాయి.

బాగానే చెప్పాననుకుంటాను. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. కూటం అయ్యాక గ్రేసమ్మ టీ గ్లాసు నా చేతికిచ్చింది. నా బస ఆమె ఇంట్లోనే. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, పుట్టిల్లు పుంగనూరు.

"బాగా చెప్పినావక్కా, ఏడిపిచ్చినావు. అయితే ఆ తల్లి రొట్టెలు తీసకపోయింది ఎప్పుడో గదా. ఇప్పుడు తీసకపోయేవాళ్లని సూస్తావా?"

"ఎక్కడ?"

"మా పుంగనూర్లో. రేపు పోదాం. ఆడ ఒక పని సగంలో ఆగిపోయి ఉండాది. అయితాదో కాదో అని నాకే బయంగా ఉండాది."

ఆ పూట భోజనంలో రాగి సంగటి పెట్టింది. నేను అన్నం నమిలినట్టు నమిలాను. కాసేపు ఓర్చుకుని, "నమిలేది గాదక్కా, మింగేది. పులుసులో ముంచి గుటుక్కుమనాల," అంది. మింగాను. ముద్ద గొంతులోంచి దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనే ఊరిబిండి. వేరుశనగలూ మిరపకాయలూ కలిపి నూరిన పచ్చడి. అది మాత్రం ఎవరూ నేర్పకుండానే మూడుసార్లు వేయించుకున్నాను.

మార్కెట్ గేటు దగ్గర

మర్నాడు పుంగనూరు బస్సెక్కే ముందు టమాటా మార్కెట్ చూశాం. కొండల్లా పోసిన కాయల ముందు ఆడవాళ్లు గొంతుక్కూర్చుని ఏరుతున్నారు. పచ్చివి ఒక పక్క, పండినవి ఒక పక్క, దెబ్బ తిన్నవి ఇంకో పక్క. వాళ్లలో చాలామంది కురబలకోట వైపు నుంచి ఇంకా చీకటి ఉండగానే ఆటోల్లో వస్తారట. భయం వెయ్యదా అని అడిగాను.

"యాల ఎయ్యదు? ఏస్తాది," అంది నా వయసే ఉన్న ఒకామె, చెయ్యి ఆపకుండా. "దానికే ఎనక్కి పొయ్యేటప్పుడు కడాకు దిగేదాని ఫోను వచ్చేదాక ఎవురూ పొయ్యి అంటియ్యం. మొగోళ్లు ఆకలని అరుస్తారు. అరవనీ. ఫోను వస్తే సంగటి, రాకపోతే అందరూ కట్టెలు తీసుకోని ఎదురు పోవాల్సిందే."

"పోలీసు నెంబరు ఉందా?"

"అదీ ఉండాది. ముందు మా నెంబర్లు."

ఆమె నన్ను ఏకవచనంలోనే పిలిచింది. ఈ సీమలో పెద్దకీ చిన్నకీ 'నువ్వు' అనే. వెనకాల ఒక 'అమ్మా' చేరిస్తే మర్యాద పూర్తవుతుంది. మా వైపు 'అండీ' లేని మాట చెంపదెబ్బలా తగులుతుంది. ఇక్కడ నన్ను 'మీరు' అన్నది గ్రేసమ్మ మనవరాలు ఒక్కతే. అది కూడా కొత్తగా చూసి భయపడి.

పుంగనూరులో ఒక వంటగది

పుంగనూరులో గ్రేసమ్మ నన్ను తీసుకెళ్లింది మసీదు వెనక సందుకు. సందుకు ఒక పక్క సాయిబుల వీధి. పరుపులు కుట్టేవాళ్లు, రేకు డబ్బాలు అతికేవాళ్లు, వెల్డింగ్ షాపులు. రెండో పక్క ఆవుల కొట్టాలూ, కూరగాయల వ్యాపారులూ. వీధులు రెండైనా నీళ్ల కొళాయి ఒక్కటే.

మాబున్ని ఇంటి గుమ్మంలోనే దూది పీచు ముక్కులోకి పోయి తుమ్మాను. ఆమె పరుపులూ బొంతలూ కుడుతుంది. మదనపల్లెలో నన్ను ఓడించిన బొంత ఆమె చేతిదేనని గ్రేసమ్మ చెబితే నవ్వింది. ఆమె ఎదురుగా ఇంకొకామె, నుదుట పెద్ద బొట్టు, మోకాలి మీద పరుపు గుడ్డ పరుచుకుని పొడుగాటి సూదితో కుడుతోంది. కుట్లు వంకరగా ఉన్నాయి. కూలికి వచ్చిన మనిషేమో, పని కొత్తేమో అనుకున్నాను.

"ఈశ్వరమ్మ," అంది గ్రేసమ్మ. "రెండు వీదులకీ పాలు పోసేది ఈమే."

గోడవారగా ముప్పై లోపు కుర్రాడు కూర్చుని రబ్బరు బంతిని కుడిచేత్తో పిసుకుతున్నాడు. మాబున్ని కొడుకు ఖాదర్. వేళ్లు బంతి మీదికి సగందాకా వచ్చి ఆగిపోతున్నాయి.

అప్పుడు నా చూపు వంటగది తలుపు వెనకకు పోయింది. అక్కడ గోడకు ఒక చెక్క, చెక్కకు వరసగా కొక్కేలు. అన్నీ ఖాళీ. ఒక్కదానికి మాత్రం మోటారు సైకిలు తాళంచెవి వేలాడుతోంది. దాని గొలుసుకు ఆంజనేయస్వామి బిళ్ల. పక్కనే మసీదు బొమ్మ ఉన్న క్యాలెండరు. నేను చూడటం ఈశ్వరమ్మ చూసింది.

"అది నా కొడుకు బీగమక్కా," అంది. ఈ వైపు తాళంచెవిని బీగం అంటారు.

తర్వాత వాళ్లిద్దరూ ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పింది ఇది. కొన్నేళ్ల కిందట మసీదులో నమాజు జరుగుతుండగా ముందు నుంచి డప్పులతో ఊరేగింపు వెళ్లింది. మాటా మాటా పెరిగింది. మొదట గొడవపడింది నలుగురే. వాళ్లు బండ్లెక్కి వీధి వీధికీ తిరిగి చెప్పుకొచ్చేసరికి ఊరంతా తలుపులు మూసుకుంది.

"కొట్లాట పుట్టేది నోట్లోనే," అంది ఈశ్వరమ్మ. "అయితే ఊరంతా తిరిగేది మాత్రం బండి మీదక్కా. దానికే గొడవ అనే మాట ఇనపడితే సాలు, కొడుకుల బీగాలు లాక్కోవాలని ఈ సందులో ఆడోళ్లందరం ఒకటనుకున్నాం."

"లాక్కున్నాం, ఏమయింది?" అంది మాబున్ని. "అమ్మా, మందులు తేవాల. అమ్మా, దోస్తుకు బాగలేదు. గోముగా అడిగితే మేమే ఎనక్కిచ్చేస్తిమి. కన్న కడుపు గదా! దానికి ఇంగ మార్చుకున్నాం. ఆ వీది బీగాలు మా ఇండ్లల్లో, ఈ వీది బీగాలు వాళ్ల ఇండ్లల్లో."

"మరి తిరిగి ఇచ్చేది?"

"వాడే రావాల. వాళ్ల నాయన వస్తే ఇయ్యం, లీడరొస్తే ఇయ్యం. వచ్చి, మా ఇంట్లో కూచ్చోని, పెట్టింది తినాల. తిన్నంక బీగం."

"వాళ్లు మీ ఇంట్లో తినని వాళ్లైతే?"

"అరటిపండు పెడతాం. యాల, అదేమన్నా పెద్ద సంగతా?"

మా సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికి వచ్చే ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మని నేర్పుతాం. మా ఊళ్లోనే రెండు కుటుంబాలు ఆ బల్లకు చెరో ఆదివారం వచ్చి, ఒకరి కంట ఒకరు పడకుండా వెళ్లిపోతున్నాయి. మేం ఇన్నాళ్లూ వాళ్ల కోసం ప్రార్థించాం. వాళ్ల చేత ఒక అరటిపండు తినిపించాలని ఎవరికీ తోచలేదు.

ఈసారి గొడవ ఫ్లెక్సీ గురించి. జాతరకు కట్టిన ఫ్లెక్సీ చిరిగింది. గాలికి చిరిగిందో, లారీ తగిలి చిరిగిందో తెలియదు. ఈశ్వరమ్మ కొడుకు మునిరాజు ఆ కోపంలో ఎదురుపడిన ఖాదర్ ను తోశాడు. ఖాదర్ కాలువ బండ మీద పడ్డాడు. మణికట్టు విరిగింది, లోపల ప్లేటు వేశారు. ఆ పూటే రెండు వీధుల తాళాలూ చేతులు మారాయి. తర్వాత ఒక్కొక్కరే వచ్చి, తిని, తీసుకుపోయారు. రానివాడు మునిరాజు ఒక్కడే. కుప్పంలో తల్లి చెల్లెలి ఇంట్లో ఉండి గ్రానైట్ పాలిష్ పనికి పోతున్నాడు. తల్లి ఫోను ఎత్తడం లేదు.

"ఖాదర్ చెయ్యి కుట్టే పని ఆగిపొయ్యిండాది గదా. దానికే నా చెయ్యి," అంది ఈశ్వరమ్మ, వంకర కుట్లకేసి చూస్తూ. పాలు పోయడం కాగానే రోజూ ఇక్కడికే వస్తుందట.

"దాని కుట్లు యిప్పి కుట్టేదానికి నాకు ఇంకో పని," అంది మాబున్ని. ఇద్దరూ నవ్వారు. ఖాదర్ నవ్వలేదు.

మాబున్ని ఇంతవరకూ పోలీసు కేసు పెట్టలేదు. ఆమె మరిది ఊరుకోవడం లేదు. రాబోయే పండగలోపు మునిరాజు వచ్చి తాళం తీసుకోకపోతే తానే ఫిర్యాదు ఇస్తానన్నాడు. ఇచ్చాడంటే అవతలి వీధి వాళ్లూ ఒక ఎదురు కేసు పెడతారు. అప్పుడిక కొక్కేలకు ఎవరూ తాళాలు తగిలించరు. గ్రేసమ్మ భయం ఇదే.

"శాంతి కమిటీ అని ఒకటి ఉంటుంది కదా?" అని అడిగాను.

"ఉండాది," అంది ఈశ్వరమ్మ. "పండగకు ముందు స్టేషన్లో కూచ్చుంటారు. అందరూ మొగోళ్లే. టీ తాగి, ఫోటో దిగి వస్తారు. వచ్చినంక మా కొట్టం కాడికొచ్చి అడుగుతారు, 'ఏమమ్మా, గొడవ అసలు యాడ జరిగిందీ?' అని."

"ఆడవాళ్లను పిలవరా?"

"పండగ పూట ఆడోళ్లు ఇంట్లోనే ఉంటే మంచిది అని చెప్పేదానికి పిలస్తారు," అంది మాబున్ని.

ఆమె దారం కొరికి, సూదిని గుడ్డకు గుచ్చి, ఈశ్వరమ్మ వైపు తిరిగింది. "రేపు కుప్పం పోదాం."

"నువ్వా? వాడు గదా రావాల్సింది!"

"నేను పొయ్యేది అన్నం తీసకపొయ్యేదానికి."

గోడవార నుంచి ఖాదర్ అన్నాడు, "వాడొస్తే నేను బయటికి పోతా. ముందే చెప్తాండా అమ్మా."

"పో. తలుపు తీసే ఉంటాది," అంది మాబున్ని.

నా ప్రసంగంలోని ఇల్లాలు నా కళ్ల ముందు పరుపు కుడుతూ కూర్చున్నట్టే ఉంది. నేనూ వస్తానన్నాను. ఆ రాత్రి గ్రేసమ్మ పుట్టింట్లో పడుకున్నాను.

పెద్దపంజాణి మీదుగా

పొద్దున్నే మాబున్ని వంటగదిలో ఉల్లిపాయలు తరిగింది ఈశ్వరమ్మ, పొయ్యి దగ్గర నిలబడింది మాబున్ని. కుష్కా, అంటే ముక్కలు లేని బిర్యానీ అన్నం, దానికి తోడు పప్పుతో చేసే దాల్చా. నాలుగు గిన్నెల క్యారియర్ నిండింది. గ్రేసమ్మకు మోకాలి నొప్పి, పుంగనూరులోనే ఆగిపోయింది. నేను బయల్దేరే ముందు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశాను. వాళ్లిద్దరూ ఓపిగ్గా నిలబడ్డారు. ఆమెన్ అనగానే ఈశ్వరమ్మ కూడా అంది, ఎక్కడ విని నేర్చుకుందో.

ఆడవాళ్లకు ఇప్పుడు పల్లె బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. నా కార్డు మదనపల్లెలో పెట్టెలో ఉండిపోయింది. బస్సు నిండా ఆడవాళ్లుంటే వాళ్లలో టికెట్ కొన్నది నేనొక్కదాన్నే.

"డబ్బులిచ్చిన పాసింజరమ్మా, కిటికీ పక్కన కూచ్చో," అని కండక్టరు నన్ను గౌరవించాడు.

"ఇంతకు ముందు ఊరు దాటాలంటే ముందు మొగుని జోబీ అడగాల," అంది ఈశ్వరమ్మ. "ఎందుకు, యాడికి, ఎవురితో అని నూరు ప్రశ్నలు. ఇప్పుడు ఆవు దూడకు మందు తెచ్చేదానికి పోతాండా అన్నా. అంతే."

పెద్దపంజాణిలో బస్సు ఆగినప్పుడు మల్బరీ ఆకు మూటతో ఎక్కిన పెద్దాయన ఒకాయన మా ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు. ఒక బురఖా, ఒక బొట్టు, మెడలో సిలువ గొలుసుతో నేను.

"ఏమ్మా, ముగ్గురూ కలిసి యాడికి?"

"పెండ్లి సూపులకప్పా," అంది మాబున్ని తొణక్కుండా.

"ఎవురికి?"

"పిల్లోడు దొరికితే చెప్తాం."

బస్సంతా నవ్వింది. కానీ ఆ నవ్వు అయ్యాక ఈశ్వరమ్మ క్యారియర్ ను ఒళ్లోకి లాక్కుని, దాని మూత మీద వేసిన చెయ్యి కుప్పం దాకా తియ్యలేదు.

కుప్పం

కుప్పంలో మూడు భాషలు ఒకే వాక్యంలో వినిపిస్తాయి. బస్టాండు పక్క హోటల్లో పళ్లెమంత ఇడ్లీ తెచ్చిపెట్టారు. ముప్పై రూపాయలు. ఒక్కటే తిన్నాను, రెండోది తినగలిగేదాన్ని కాదు. నేను తెలుగులో అడిగితే కుర్రాడు తమిళంలో బదులు చెప్పి, కన్నడంలో లోపలికి కేక వేశాడు. అందరికీ అన్నీ అర్థమయ్యాయి. నాకు తప్ప.

పాలిష్ షెడ్డు ఊరి చివర. రేకుల కప్పు, కింద రాతి పలకలు నిలువుగా ఆనించి వరసలుగా ఉన్నాయి. నీళ్లూ రాతిపొడీ కలిసిన తెల్లటి బురద. పెద్ద మిషను రాయి మీద తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. దాని పిడి పట్టుకుని నిలబడ్డవాడు, కనుబొమ్మలు కూడా తెల్లబడినవాడు, మునిరాజు. తల్లిని చూశాడు. ఆమె వెనక ఉన్నదెవరో చూశాడు. తల దించుకుని పని చేస్తూనే ఉన్నాడు.

ఈశ్వరమ్మ ముందుకు వెళ్లబోయింది. మాబున్ని ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. పలకల నీడలో ఒక ఇటుకల గుట్ట మీద కూర్చున్నాం. చాలాసేపు కూర్చున్నాం. వాడు మా వైపు తిరగలేదు. ఈశ్వరమ్మ కొంగు కొస నోట్లో కుక్కుకుంది.

మధ్యాహ్నం నమాజు వేళయింది. మాబున్ని లేచి, కొళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, పాలిష్ అయిన ఒక పలక పక్కన సంచిలోంచి గుడ్డ తీసి పరిచింది. ఆ రొదలో ఎలా చేస్తుందా అని నేను చూస్తున్నాను. ఆమె చేతులెత్తింది.

మిషను ఆగిపోయింది.

ఎవరూ అడగలేదు. మునిరాజు స్విచ్ దగ్గర వీపు మాకు పెట్టి నిలబడ్డాడు. మిగతా మిషన్ల దగ్గరున్న వాళ్లు వాడి ముఖం చూసి తమవీ ఆపేశారు. రాళ్ల మీద నుంచి నీళ్లు జారే చప్పుడు మాత్రమే మిగిలింది. నేను కూడా తల వంచుకున్నాను. నా దేవుణ్ని నా మాటల్లో అడిగాను, ఈ తల్లుల్ని ఖాళీ చేతులతో పంపవద్దని.

నమాజు ముగించి మాబున్ని గుడ్డ మడిచింది. వాడు మిషను మళ్లీ వెయ్యలేదు. నాలుగడుగులు ఇటు వేసి ఆగాడు. ఇక నాకు ఆగబుద్ధి కాలేదు. అంత దూరం వచ్చిన మాబున్ని మనసు వాడికి తెలియాలనిపించింది. లేచి, "బాబూ, భయపడకు. ఈమె నిన్ను క్షమించింది. అందుకే అన్నం తెచ్చింది," అన్నాను.

వాడి ముఖం ఎలాగో అయిపోయింది. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవురు చెప్పినారు నీకు?" అంది మాబున్ని నాతో. గట్టిగా అనలేదు. "నేను క్షమించినానని నేను చెప్పినానా? నా కొడుకు ఈ పొద్దుకూ సూది పట్టుకోలేడు. కుష్కా పిసికి తింటాంటే మెతుకులు జారిపోతాండాయి. ఆ మాట అల్లాకు, నాకు మద్య ఉండాది. ఎప్పుడు తెగుతాదో నాకే తెలీదు. నేను వచ్చింది వీనికి అన్నం పెట్టేదానికి."

క్షమించకుండా అన్నం ఎలా పెడతారు అన్న ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె అప్పటికే క్యారియర్ విప్పుతోంది.

వింత ఏమిటంటే, నా మాటకు వెనక్కి తగ్గినవాడు ఆమె మాటకు ముందుకు వచ్చాడు. బురద అంటిన చేతులు లుంగీకి తుడుచుకుంటూ, "చెయ్యి మూసుకోలేదా ఇంగా, చిన్నమ్మా?" అన్నాడు.

"సగం."

"డాక్టరు ఏమంటాండాడు?"

"పిసకమంటాండాడు. బంతి పిసకతాండాడు. నువ్వు కూచ్చో."

కూర్చున్నాడు. ఈశ్వరమ్మ మూత పళ్లెంలో అన్నం పెట్టబోతే మాబున్ని గరిటె లాక్కుని తానే పెట్టింది. వాడు తల ఎత్తకుండా తిన్నాడు. సగంలో ఒకసారి ఆగి మోచేత్తో కళ్లు తుడుచుకుంటే ముఖం మీద తెల్లటి పొడి చారలు కట్టింది. "ఫోను యాల ఎత్తలేదురా?" అని తల్లి వీపు మీద ఒక్కటి వేసి, ఆ చెయ్యి తియ్యకుండా అక్కడే ఉంచింది.

పళ్లెం ఖాళీ అయింది. ఈశ్వరమ్మ ముఖం వెలిగింది. "తిన్నాడు గదా. ఇయ్యి మాబున్నీ, బీగం ఇయ్యి."

"తేలేదు."

"ఏంటికి?"

"యాల తెస్తాను? కొక్కేనికే ఉండాది."

"ఇంత దూరం వచ్చి, అన్నం పెట్టి, బీగం తేకుండా వస్తావా నువ్వు!" ఈశ్వరమ్మ లేచి నిలబడింది. "నా కడుపు మండిపోతాండాది. ఇదంతా ఎగతాళా నీకు?"

"అక్కా, ఈడ బీగం ఇస్తే వీడు ఈడ్నించి ఇంకో ఊరు పోతాడు. ఆడ ఉంటే ఇంటికి రావాల." మాబున్ని గిన్నెలు ఒకదాని మీద ఒకటి సర్దుతోంది. "ఇది దారి అన్నం. లెక్కలోకి రాదు. మా ఇంట్లో తినాల, అందరూ తిన్నట్టే. వీనికి ఒక్కనికి రివాజు మారిస్తే రేపు ఇంగొకనికి మార్చాల."

మునిరాజు ఇద్దరినీ చూశాడు. "ఖాదర్ ఉంటాడా ఇంట్లో?"

"నువ్వొస్తే బయటికి పోతానన్నాడు," అంది ఆమె. అది కూడా దాచలేదు.

మునిరాజు చేతులు కడుక్కుని వెళ్లి స్విచ్ వేశాడు. మేం బస్టాండుకు నడుస్తుంటే మిషను రొద చాలా దూరం వినిపించింది. దారి పొడుగునా ఈశ్వరమ్మ మాబున్నిని వెనక వదిలి ముందు నడిచింది. బస్సులో మాత్రం ఖాళీ క్యారియర్ ను ఆమె చేతిలోంచి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

ఇంటికి వచ్చాక

మా ఊరికి తిరిగొచ్చాక అందరూ అడిగారు, కూటం ఎలా జరిగిందని. టమాటాల గురించి చెప్పాను, సంగటి మింగడం గురించి చెప్పాను. మిగతాది చెప్పడానికి కొన్నాళ్లు పట్టింది. నా మూడు సంగతుల్లో క్షమాపణ మొదటిది. ఆ వరస తప్పని ఇప్పటికీ అనను. క్షమించినవాడే క్షమాపణ పొందుతాడని నమ్మి బతుకుతున్నదాన్ని, ఆ నమ్మకంలోనే చనిపోతాను. కానీ ఆ ఇల్లాలు గాడిదల మీద రొట్టెలు వేసుకుని బయల్దేరినప్పుడు ఆమె మనసులో ఏముందో లేఖనం ఎక్కడా చెప్పలేదు. ఆమె వెళ్లిందనే చెప్పింది. ఇన్నేళ్లు చదివీ అది నా కంట పడలేదు. ఎవరినీ క్షమించలేక కుమిలిపోతూ, అందుకే ఏ పనికీ తాము తగమనుకుని ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లు మా సంఘంలో ఎంతమంది ఉన్నారో! వాళ్లకు నేను ఇన్నాళ్లూ చెప్పింది, ముందు మీ మనసు కడుక్కోండి అని. మనసు సగం కడిగి ఉండగానే అన్నం వండవచ్చని చెప్పలేదు.

ఆ రెండు కుటుంబాల ఇళ్లకూ వెళ్లొచ్చాను. ఒకరి ఇంట్లో కాఫీ ఇచ్చారు. ఇంకొకరింట్లో తలుపు తీశారు, అంతవరకే. మళ్లీ వెళ్తాను.

పండగకు ముందు గ్రేసమ్మ ఫోను చేసింది. నేను ముందుగా అడిగింది కమిటీ గురించి.

"కూచ్చున్నారక్కా. మన ఆడోళ్లు పిలవకుండానే పొయ్యి వరండాలో కూచ్చున్నారు. లోపలికి పిలవలే. టీ మాత్రం పంపినారు."

"మునిరాజు?"

"అదే చెప్తాండా, ఆగు." ఆమె గొంతు సంతోషంతో తడబడుతోంది. మునిరాజు ఆదివారం మధ్యాహ్నం వచ్చాడట. చాటుగా కాదు. బస్టాండు నుంచి రెండు వీధుల్లోనూ అందరూ చూస్తుండగా నడుచుకుంటూ వచ్చి, మాబున్ని గుమ్మంలో చెప్పులు విడిచి కూర్చున్నాడు. అన్న మాట ప్రకారం ఖాదర్ లేచి బయటికి పోయాడు. కొళాయి దగ్గర నిలబడ్డాడు. మాబున్ని మరిది కూడా వచ్చి గోడకానుకుని చూశాడు, కేసు మాట ఎత్తలేదు. మునిరాజు తిన్నాడు. మాబున్ని కొక్కెం నుంచి తాళంచెవి తీసి చేతిలో పెట్టింది.

"అయితే బండి స్టార్ట్ కాలేదక్కా! అన్ని దినాలు ఎండలో నిలబెట్టి ఉండారు గదా. కిక్కు కొడతాడు, కొడతాడు, ఊహూ. వీదంతా నవ్వేదానికి మొదలుపెట్టింది. అప్పుడు కొళాయి కాడ్నించి ఖాదర్ వచ్చినాడు. వాని పక్క సూడకుండానే బండి ఎనకాల ఎడంచెయ్యి, బుజం ఆనించి తోసినాడు."

నేను ఆగలేక అడిగాను, "అయితే ఖాదర్ క్షమించాడా?"

"అది ఎవురూ అడగలేదక్కా," అంది గ్రేసమ్మ. "బండి కదిలింది."